ధాత కరువులో క్లౌ దొర

తెలుగువారి అరువది సంవత్సరముల వరుసలో పదియవదానికి ధాత అని పేరు. సృష్టించువాడు, పోషించువాడు అని ఆ మాటకు అర్థము. 1876వ సంవత్సరపు ఉగాదితో ప్రవేశించిన ధాత మాత్రము తన పేరును నిలుపుకొనలేదు. ఆ యేడు నైరుతి వానలు చాలినంతగా కురియలేదు. వాటి వెనుక రావలసిన ఈశాన్య వానలును మొగము చాటువేసెను. చెరువులు నెఱ్ఱెలు విచ్చెను. పశువులు మేత లేక కొట్టముల యొద్దనే కూలెను. మరుసటి సంవత్సరపు ఎండలు ముదిరిన కొలది బాటల ప్రక్కన మనుష్యులును కూలసాగిరి. పోషించువాడను పేరుగల ఆ సంవత్సరము దక్షిణదేశ చరిత్రలో ధాత కరువుగా నిలిచిపోయెను. తమిళులును ఆ కరువును ఆ సంవత్సరపు పేరుతోనే జ్ఞాపకము చేసికొందురు.

ఆకాశము ఏల మూతపడెనో నాటివారికి తెలియదు. పసిఫిక్ మహాసముద్రపు పైనీరు కొన్ని సంవత్సరములలో అసాధారణముగా వేడెక్కుననియు, దాని ప్రభావమున మన ఋతుపవనములు బలహీనపడుట కలదనియు నేటి శాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఎల్ నినో అని వారు పిలుచు ఆ మార్పు 1877-78లో మిక్కిలి తీవ్రముగా నుండెను. ఉత్తర చైనాలోను, బ్రెజిల్ దేశపు ఈశాన్య భాగములోను అదే కాలమున వానలు లేక లక్షలాది జనులు నశించిరి.

అయితే వాన లేకపోవుట వేరు, మనుష్యుడు ఆకలితో చచ్చుట వేరు. ఆ రెంటి నడుమ మనుష్యులు చేయు నిర్ణయములు కలవు. ధాన్యము ఎక్కువ ధర పలుకు చోటికి రైళ్లలో తరలిపోయెను. విదేశములకు ఎగుమతియు ఆగలేదు. ధాన్యపు వ్యాపారములో ప్రభుత్వము చేయి పెట్టరాదని వైస్రాయి లిట్టన్ ప్రభువు పట్టుపట్టెను. 1877 జనవరిలో సర్ రిచర్డ్ టెంపుల్ మదరాసు రాజధానికి వచ్చి, కరువు పనులలో పురుషునికి దినమునకు ఒక పౌను ధాన్యమునకును, పైన స్వల్పమైన చిల్లరకును సరిపడు కూలి చాలునని నిర్ణయించెను. ఎండలో మన్ను మోయు మనుష్యునికి అది చాలదని మదరాసు ఆరోగ్యాధికారి డాక్టర్ కార్నిష్ గట్టిగా వాదించెను. కొన్ని నెలలకు ఆ కూలి సవరింపబడెను. ఈలోగా పోవలసిన ప్రాణములు పోయెను. బ్రిటిషు పాలనలోనున్న ప్రాంతములలోనే యాబది లక్షలకు మించినవారు ఆ కరువునకు బలియైరని సాధారణముగా లెక్కింపబడుచున్నది.

ఆ కరువు నడుమ, అప్పటి నెల్లూరు జిల్లాలోని ఒంగోలు పట్టణమున, నలువది యేండ్ల వయసుగల ఒక అమెరికా మిషనెరీ ఉండెను. ఆయన పేరు జాన్ ఎవరెట్ క్లౌ. తెలుగు క్రైస్తవులు ఆయనను నేటికిని క్లౌ దొర అని స్మరింతురు. ఆయన ముందర రెండు ప్రశ్నలు నిలిచెను. ఈ జనమునకు అన్నము పెట్టుట ఎట్లు? అన్నము లేని దినములలో బాప్తిస్మము అడుగుచున్నవారికి ఏమి చెప్పవలెను? మొదటి ప్రశ్నకు ఆయన పలుగుపారలతో బదులిచ్చెను. రెండవదానికి పదునైదు నెలలు వేచియుండుటచేత బదులిచ్చెను. ఈ రెండు జవాబులను కలిపి చదివిననే గాని ఆ మనుష్యుని మనము గ్రహింపజాలము.

క్లౌ 1836 జూలై 16న అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రమున జన్మించెను. తెలుగువారి యొద్దకు మొదటి అమెరికను బాప్తిస్టు మిషనెరీయైన శామ్యూల్ డే మన దేశమున అడుగుపెట్టినదియు ఆ సంవత్సరమే. క్లౌ కుటుంబము బ్రతుకుదెరువు కొరకు పడమటికి సాగిపోయెను. యౌవనములో ఆయన మిన్నెసోటా ప్రాంతపు అడవులలో ప్రభుత్వమువారి సర్వే పనిలో చేరి, గొలుసులు పట్టి భూమి కొలిచెను. న్యాయవాది కావలెనని ఆయన ఆశ. 1858లో అయోవా రాష్ట్రములోని బర్లింగ్టను పట్టణమున చదువుచున్నప్పుడు ఆయన క్రీస్తును అంగీకరించి బాప్తిస్మము పొందెను. తరువాత ఆయన ఆశలు మారెను గాని, అడవిలో నేర్చిన కొలతల విద్య మాత్రము ఆయనను విడువలేదు. దాని అవసరము ఎక్కడ కలుగునో అప్పుడు ఆయనకు తెలియదు.

ఆ దినములలో తెలుగు మిషను మిక్కిలి దీనస్థితిలో నుండెను. పటములో దానికి నెల్లూరు అను ఒకే స్థలము కలదు గనుక దానిని ఒంటి నక్షత్రమని పిలిచిరి. దానిని మూసివేయుదమా అని అమెరికాలోని సంఘమువారు ఒకటికి రెండుసార్లు ఆలోచించిరి. 1862లో ఆ ప్రశ్న మరల వచ్చినప్పుడు, స్వదేశమునకు వెళ్లియున్న లైమన్ జ్యూయెట్ దానికి ఒప్పుకొనలేదు. తాను ఒంటరిగానైనను తెలుగువారి యొద్దకు తిరిగి పోవుదునని పట్టుబట్టెను. ఆ జ్యూయెట్ 1854 నూతన సంవత్సర దినమున, తెల్లవారక ముందు, భార్యతోను ముగ్గురు తెలుగు విశ్వాసులతోను ఒంగోలు కొండనెక్కి, ఆ సీమకు ఒక పనివానిని పంపుమని ప్రార్థించినవాడు. అందుచేతనే అది నేటికిని ప్రార్థన కొండ. ఆయనతోకూడ 1864 చివరను ఓడనెక్కిన యువకుడే క్లౌ. 1865లో ఆయన మన తీరమును చేరెను. నెల్లూరిలో తెలుగు నేర్చి, 1866 సెప్టెంబరులో భార్య హ్యారియెట్‌తో ఒంగోలునకు కాపురము వచ్చెను.

అంతకు కొన్ని నెలల ముందుగానే ఎర్రగుంట్ల పేరయ్య ఆయనను కలిసికొనెను. పేరయ్య మాదిగ కులస్థుడు, తోలుపని చేయువాడు. తన వారి నడుమ దేవుని వెదకుచు గురువుల యొద్ద యోగము నేర్చినవాడు. ఆయనయు ఆయన భార్య నాగమ్మయు 1866లో బాప్తిస్మము పొందిరి. ఆ తరువాత పేరయ్య తన గుఱ్ఱపు మూటవలె సువార్తను భుజముపై మోసికొని పల్లెపల్లెకు తిరిగెను. ఒంగోలు సీమలో జరిగిన గొప్ప కదలికకు తొలి బోధకుడు దొర కాడు, పేరయ్యయే. ఈ మాటను మనము మరువరాదు.

ఒంగోలునకు వచ్చిన తొలి దినములలో క్లౌ దంపతులకు ఒక పరీక్ష ఎదురయ్యెను. పట్టణములోని పై కులములవారు కొందరు సువార్తయందు ఆసక్తి చూపిరి గాని, మాదిగలను చేర్చుకొన్నయెడల తాము రామని తెలిపిరి. భార్యాభర్తలు వేరువేరు గదులలో ప్రార్థించి బైబిలు తెరవగా, ఇద్దరికిని కొరింథీయులకు వ్రాయబడిన మొదటి పత్రికలోని ఒకే భాగము కనబడెనట. లోకము ఎన్నికలేనివారిగా ఎంచినవారిని దేవుడు ఏర్పరచుకొనుటను గూర్చిన భాగమది. వారు మాదిగలకు తలుపు తెరచిరి. 1867 జనవరి 1న ఎనిమిదిమంది సభ్యులతో ఒంగోలు సంఘము ఏర్పడెను.

చేరినవారికి క్లౌ పెట్టిన నియమములు మూడే: ఆదివారము పని చేయరాదు, చచ్చిన పశువు మాంసము తినరాదు, విగ్రహములకు మ్రొక్కరాదు. వినుటకు ఇవి సులభముగా తోచును. అయితే పల్లెలో మాదిగల బ్రతుకు ఎట్టిదో ఎరిగినవారికి వీటి బరువు తెలియును. జాతరలో డప్పు కొట్టుట వారి విధి. ఆదివారమని కోతకు రాకపోయిన రైతునకు కోపము వచ్చును. బావులు మూసివేయబడెను, కూలి ఆగిపోయెను, కొందరు దెబ్బలు తినిరి. అయినను పదేండ్లలో ఎనిమిదిమంది మూడువేలకు మించిరి. ఇంతయు కరువునకు ముందు జరిగిన సంగతి. వెనుక వచ్చిన సంఖ్యలను తూచునప్పుడు దీనిని జ్ఞాపకముంచుకొనవలెను.

ఇట్టి జనము మీద ధాత కరువు పడెను. పల్లెలోని మాదిగలకు సొంత పొలము లేదు. రైతునకు చెప్పులు, మోట తోళ్లు కుట్టియిచ్చి, పంట కోసినప్పుడు కళ్లములో మేర గింజలు తెచ్చుకొనుట వారి జీవనము. పంట లేనప్పుడు కళ్లము లేదు. కళ్లము లేనప్పుడు మేర లేదు. రైతు గాదెలో మిగిలినదానితో కొన్ని నెలలు ఈడ్చును. వీరికి గాదెయే లేదు. ఆకాశము అందరిమీదను సమముగానే మూతపడును గాని, ఆకలి మొదట తట్టునది ఊరి చివరనున్న గుడిసెనే. ఒంగోలు మిషను ఆవరణము ఆకలిగొన్నవారితో నిండెను. వచ్చినవారిలో క్రైస్తవులును క్రైస్తవేతరులును ఉండిరి. మిషనెరీ చేతిలోని సొమ్ముతో ఎన్ని దినములు గంజి పోయగలడు?

అప్పుడు మదరాసు ప్రభుత్వమువారు కరువు పనిగా ఒక కాలువను త్రవ్వించుచుండిరి. మదరాసు దగ్గర పూర్వమే మొదలైన ఉప్పు కాలువను సముద్రతీరము వెంబడి ఉత్తరమునకు పొడిగించి, కృష్ణా కాలువలతో కలుపుట వారి ఉద్దేశము. నాటి గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరుతోనే అది బకింగ్‌హాం కాలువ అయ్యెను. క్లౌ ఆ కాలువలో మూడున్నర మైళ్ల భాగమును త్రవ్వించుటకు ప్రభుత్వము యొద్ద కంట్రాక్టు తీసికొనెను. మిషనెరీ కంట్రాక్టరగుట కొందరికి వింతగా తోచియుండవచ్చును. ఆయనకు అది వింత కాదు. మిన్నెసోటా అడవులలో గొలుసు పట్టిన చేతులు ఇప్పుడు ఇసుక దిబ్బలలో కొలతలు వేసెను.

1877 తొలి నెలలలో పని మొదలయ్యెను. పాకలు వేయబడెను. ఆయన తన బోధకులనే మేస్త్రీలుగా నియమించి, ఒక్కొక్కరికి సుమారు నూరుమందిని అప్పగించెను. వారి క్రింద దినమునకు సుమారు మూడువేల మంది పలుగులతోను తట్టలతోను పనిచేసిరి. పనికి వచ్చినవారిని ఏ కులమనిగాని ఏ మతమనిగాని అడుగలేదు. త్రవ్వినవానికి కూలి ముట్టెను. కూలితో ధాన్యము కొనిరి, వండుకొని తినిరి. ఇతర మేస్త్రీల క్రింద తిట్లకును దెబ్బలకును అలవాటుపడిన కూలీలకు ఈ మేస్త్రీల తీరు క్రొత్తగా తోచెను. వీరు తమవంటివారే, తమ కులమువారే; అయినను తమ పేర్లు ఎరిగి పలుకరించుచుండిరి.

మధ్యాహ్నపు ఎండకు పని ఆపి నీడను కూర్చున్నప్పుడును, సాయంకాలము పొయ్యి రాజేసిన తరువాతను బోధకులు వారితో మాటలాడుచుండిరి. ఈ కరువును దేవుడు ఏల రానిచ్చెనని కూలీలు అడుగుట సహజము. బోధకులు వారికి భారము మోయువారిని తన యొద్దకు పిలిచిన క్రీస్తును గూర్చి చెప్పిరి. మన్ను మోసి భుజములు పుండ్లు పడినవారికి ఆ పిలుపు అర్థమగుటకు వ్యాఖ్యానము అక్కరలేదు. ఒంగోలు చుట్టుప్రక్కల ఎన్నో పల్లెలనుండి వచ్చినవారు ఆ మాటలు వినిరి. ఇంటికి పోయినప్పుడు తమతోకూడ తీసికొనిపోయిరి.

అప్పుడు రెండవ ప్రశ్న ముందునకు వచ్చెను. గుంపులు గుంపులుగా జనులు వచ్చి తమకు బాప్తిస్మమిమ్మని అడిగిరి. ఒక మిషనెరీ దినమును రాత్రియు ఎదురుచూచు మాటయది. కొండమీద జ్యూయెట్ చేసిన ప్రార్థనకు జవాబు కనుల యెదుట నిలిచినట్లే ఉండెను. క్లౌ కాదనెను. కరువు తీరువరకు, సహాయము పంచు పని తన చేతిలో నున్నంతవరకు, ఎవరికిని బాప్తిస్మమియ్యనని నిశ్చయించుకొనెను. 1877 మార్చి మొదలు 1878 జూన్ వరకు, పదునైదు నెలలు, ఆయన ఆ మాట మీద నిలిచెను.

ఆయన వారి విశ్వాసమును అవమానించుటకు అట్లు చేయలేదు. అన్నమునకు వెలగా విశ్వాసమును అడుగుట ఎంత పాపమో, విశ్వాసమునకు బహుమానముగా అన్నము దొరకునని తలంచనిచ్చుటయు అంత పాపమని ఆయన ఎరుగును. ఆకలిగొన్న మనుష్యుని నోట వచ్చు అవునను మాటలో ఎంత ఆత్మది, ఎంత కడుపుది అని ఎవరు వేరుచేయగలరు? చెప్పువాడే వేరుచేయలేడు. గనుక చెప్పువానిని ఆ చిక్కులో పెట్టకుండుటయే ప్రేమ. రొట్టెలు పంచినవాని చేతిలోనే బాప్తిస్మపు నీరును ఉన్నప్పుడు, ఆ రెండు చేతులు ఒకదానినొకటి తాకకుండ చూచుకొనవలసినది పంచువాడే గాని పుచ్చుకొనువాడు కాడు.

ఈ జాగ్రత్త మన ప్రభువు యొద్దనే నేర్చుకొనదగినది. యోహాను సువార్త ఆరవ అధ్యాయములో ఆయన అయిదువేల మందికి రొట్టెలు పెట్టెను. పెట్టుటకు ముందు ఎవరి విశ్వాసమును పరీక్షింపలేదు. కడుపు నిండిన జనము ఆయనను రాజుగా చేయబోగా ఆయన తప్పుకొని ఒంటరిగా కొండకు వెళ్లెను. మరునాడు తన్ను వెదకుచు వచ్చినవారికి, వారు వెదకునది రొట్టెనేయని తేటతెల్లము చేసి, అప్పుడే జీవాహారమును గూర్చి మాటలాడెను. ఆ మాటలకు అనేకులు వెనుదీసిరి. అయినను ఆయన తన మాటను తగ్గించుకొనలేదు, ముందు పెట్టిన రొట్టెకు పశ్చాత్తాపపడనులేదు. రొట్టె రొట్టెగానే సత్యమైన ప్రేమ. జీవాహారము దాని మారుపేరు కాదు.

క్లౌ నిర్ణయమునకు వెల లేకపోలేదు. ఆ పదునైదు నెలలలో బాప్తిస్మము కోరి, పొందకయే మరణించినవారు ఉండియుందురు. బాప్తిస్టు వేదాంతము ప్రకారము రక్షణ విశ్వాసము వలననే గాని నీటివలన కాదు. అయినను సంఘములో చేర్చబడుట ఆ బీదలకు ఎంత ఆదరణయో ఊహింపవచ్చును. అదే కరువు దినములలో, బిషప్ కాల్డ్వెల్ పనిచేసిన తిరునెల్వేలి సీమలో, ఆంగ్లికను మిషనులు వేలాది జనులను ఉపదేశము పొందువారిగా చేర్చుకొనెను. వారును అవివేకులు కారు. వచ్చినవారిని వెంటనే ఒడిలోనికి తీసికొని నేర్పుటయే కాపరి ధర్మమని వారు తలంచిరి. కాపరి హృదయము తెరచియుండవలెనని వారు చూపిరి. కాపరి చేతులు నిర్మలముగా నుండవలెనని క్లౌ చూపెను. ఒకదానినిబట్టి రెండవదానిని ఖండింప నేను సాహసింపను. అయితే కూలి డబ్బును, సహాయపు సొమ్మును తన చేతులమీదుగా పంచినవానికి క్లౌ మార్గమే క్షేమకరమని నాకు తోచుచున్నది.

కాలువ పని ముగిసిన తరువాతను ఆకలి తీరలేదు. 1877 ఆగస్టులో లండను నగర మేయరు ఆధ్వర్యమున ప్రజల చందాలతో మాన్షను హౌస్ నిధి ఏర్పడగా, దానినుండి వచ్చిన సహాయమును ఒంగోలు ప్రాంతమున పంచుటలో క్లౌ పాలుపొందెను. క్రమముగా వానలు తిరిగి వచ్చెను. నిధియు ముగింపునకు వచ్చెను. పంచుటకు మిషనెరీ చేతిలో ఏమియు లేని దినము వచ్చెను. ఆయన వేచియున్నది ఆ దినము కొరకే.

అప్పటికి ధాతయు, దాని తరువాతి ఈశ్వర సంవత్సరమును గడచి బహుధాన్య వచ్చియుండెను. 1878 జూన్ నెలలో క్లౌ తన బోధకులను, సంఘస్థులను సమావేశమునకు పిలిచెను. ఒంగోలులో మశూచికము వ్యాపించియుండుటచేత, ఉత్తరముగా పది మైళ్ల దూరమున గుండ్లకమ్మ యేటి దగ్గరనున్న వెల్లంపల్లిలో కూడుకొనిరి. సంఘస్థులు మాత్రమే రావలెనని ఆయన వర్తమానము పంపెను. అయినను ఆయన పిలువనివారు వేలాదిగా వచ్చిరి. ఇక సహాయపు సొమ్ము లేదనియు, ఇండ్లకు తిరిగి పొండనియు ఆయన వారికి స్పష్టముగా చెప్పెను. తాము డబ్బు కొరకు రాలేదని వారు బదులుచెప్పి, కాలువ త్రవ్వి కాయలు కాచిన తమ చేతులను సాక్ష్యముగా చూపిరి. పనిచేసి బ్రదుకగలమనియు, బ్రదికినను చచ్చినను క్రీస్తువారుగా నుండగోరుచున్నామనియు తెలిపిరి. అప్పుడు ఆయనకు కాదనుటకు కారణము మిగులలేదు.

ఒక్కొక్క పల్లెనుండి వచ్చినవారిని ఆ పల్లె ఎరిగిన బోధకులు వేరువేరుగా కూర్చుండబెట్టి ప్రశ్నించిరి. ఎరుగనివారిని, సందేహము కలిగించినవారిని నిలిపివేసిరి. తక్కినవారి పేర్లు వ్రాసికొనిరి. 1878 జూలై 3న తెల్లవారినది మొదలు ఆ పేర్లు చదువుచుండగా ఇద్దరిద్దరు బోధకులు నీటిలో నిలిచి బాప్తిస్మమిచ్చిరి. వారు అలసినప్పుడు మరి యిద్దరు దిగిరి. ఇట్లు మొత్తము ఆరుగురు అభిషిక్త బోధకులు, ఎండ తీవ్రముగానున్న నడిమి వేళ విరామము తీసికొని, ప్రొద్దు క్రుంకువరకు 2,222 మందికి బాప్తిస్మమిచ్చిరి. ఆ దినమున క్లౌ ఒక్కరికైనను తన చేతులతో బాప్తిస్మమియ్యలేదు. గట్టున నిలిచి సర్వమును క్రమపరచెను. రమారమి మూడు నెలల కాలములో సంఘమున చేర్చబడినవారు 9,606 మంది.

ఈ సంఖ్యలు విన్న లోకము ఆశ్చర్యపడెను, సందేహించినవారును లేకపోలేదు. బియ్యపు క్రైస్తవులను హేళన అప్పటికే వాడుకలో నుండెను. ఇంత త్వరగా ఇంతమందిని చేర్చుకొన్న పిమ్మట వారికి నేర్పువారెవరని మిషను మిత్రులే అడిగిరి. అది న్యాయమైన ప్రశ్న. చదువురాని వేలాది విశ్వాసులకు కాపరులును బడులును చాలకపోయెను. ఒంగోలు సంఘము ఆ భారమును అనేక సంవత్సరములు మోసెను. అయితే అన్నము కొరకు వచ్చిరను మాటకు మాత్రము క్లౌ యొద్ద సమాధానమున్నది. అన్నము పంచినప్పుడు బాప్తిస్మము లేదు. బాప్తిస్మమిచ్చినప్పుడు అన్నము లేదు. కరువునకు పదేండ్ల ముందే పేరయ్య విత్తినదానిని కరువు పుట్టింపలేదు. కాలువ గట్టున దానిని మరి అనేకులు వినిరి.

ఆ తరువాత క్లౌ ఒంగోలులో బడులు, ఉన్నత పాఠశాల వృద్ధిచెందుటకు పాటుపడెను. 1893లో హ్యారియెట్ మరణించెను. మరుసటి యేడు ఆయన మిషనెరీయైన ఎమ్మా రౌషెన్‌బుష్‌ను వివాహమాడెను. 1910 నవంబరులో అమెరికాలోని రాచెస్టరు నగరమున ఆయన ప్రభువునందు నిద్రించెను. ఆయన చెప్పగా ఎమ్మా వ్రాసిన జీవితకథ 1914లో వెలువడెను. ఆయనను నిర్దోషియైన మహాపురుషునిగా నిలుపుట నా ఉద్దేశము కాదు. ఆయన తొందరపాటుగలవాడనియు, పట్టుదల ఎక్కువనియు ఎంచినవారు కలరు. తన కాలపు దొరతనము నీడ ఆయనమీదను ఉండెను. అయినను చేతిలో అన్నపు గిన్నె ఉన్నవానికి కలుగు శోధనను ఎరిగి, దానిని జయించిన పదునైదు నెలలు ఆయన జీవితములో కలవు.

ఆ కాలువ సంగతి ఒకటి చెప్పి ముగింతును. ఎన్నో దశాబ్దములు దానిలో పడవలు ఉప్పును, ధాన్యమును, కట్టెలను మోసెను. 1965-66 సంవత్సరముల తుపానులకు అది దెబ్బతినగా రాకపోకలు సన్నగిల్లెను. నేడు చాలచోట్ల పూడికతోను మురికితోను నిండియున్నది. అయినను 2004 డిసెంబరు 26న సునామీ మన తూర్పు తీరమును కొట్టినప్పుడు, కట్టలు దాటి వచ్చిన సముద్రపు నీటిని పెదగంజాము మొదలు చెన్నై వరకు ఆ కాలువ తనలోనికి తీసికొని వేగమును తగ్గించెననియు, అందువలన తీరపు పల్లెలలో ననేకులు తప్పించుకొనిరనియు శాస్త్రజ్ఞులు గుర్తించిరి. ఒక పూట గంజి కొరకు ఆకలితో త్రవ్వినవారు తమ మునిమనుమల తరమువారికి కోటను కట్టుచున్నామని ఎరుగరు. ప్రేమతో చేయబడిన పని చేసినవాని ఎరుకను మించి బ్రదుకును.

ప్రియ చదువరులారా, ఆకాశము మన కాలములోను మనలను పరీక్షించుచునే యున్నది. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన కనీసము పదివేల ప్రాణములను తీసికొనిపోయెను. 2015 వేసవిలో మన రెండు తెలుగు రాష్ట్రములలో వడగాలులకు వెయ్యిమందికి మించి మరణించిరి. వారిలో అనేకులు ఎండలో పనిచేయక తప్పని కూలివారు, ఇంటిలేని వృద్ధులు. నేడును తట్ట మోయువానినే ఎండ మొదట తాకును, ఊరి చివరి గుడిసెనే గాలి మొదట లేపును. అట్టి దినమున సంఘము గంజి పాత్రతో, మంచినీటి కుండతో, దుప్పటితో వెళ్లవలెను. వెళ్లునప్పుడు ఆ గుడిసెలో నున్నవాడు ఎవడని అడుగరాదు. పెట్టిన గంజికి ప్రతిగా వాని సంతకమునుగాని చేయెత్తుటనుగాని, ఛాయాచిత్రమునుగాని ఆశింపరాదు. వాడు ఒకనాడు మన చేతిలో ఏమియు లేనప్పుడు తనంతట తానే వచ్చి మన ప్రభువును గూర్చి అడిగినయెడల, ఆ దినమున చెప్పుటకు సిద్ధముగా నుండవలెను.

అన్నమును అన్నముగా ఇయ్యగల చేయియే సువార్తను సువార్తగా ఇయ్యగలదు. ధాత అను పేరునకు తగినవాడు సంవత్సరము కాదు, మనలను సృష్టించి పోషించు దేవుడొక్కడే. ఆయన పోషణ మన చేతులగుండ పోవునప్పుడు దానికి మన వెల కట్టకుండునట్లు ఆయన మనకు కృప దయచేయునుగాక. ఆమేన్.